కంపు కొట్టే కళేబరం కన్నా కంపు కొట్టనిదే ఎక్కువ డేంజర్

రోడ్డు పక్కన కుక్క చచ్చిపడి ఉందనుకోండి, మనం ఏం చేస్తాం, ముక్కు మూసుకుని పక్కనుంచి పోతాం, రెండో రోజుకి కంపు భరించలేక మున్సిపాలిటీకి ఫోన్ కొట్టి "జబ్బులొచ్చేస్తాయి, ఎవరూ పట్టించుకోరా" అని అరుస్తాం. ఇద్దరు మనుషులు ట్రాలీ ఆటోలో వస్తారు, పారతో గోనెసంచిలోకి లాగేస్తారు, ఆ చోట ఇంత బ్లీచింగ్ చల్లి వెళ్ళిపోతారు. మన వైపు నుంచి చూస్తే పనైపోయింది. వాళ్ళ వైపు నుంచి చూస్తే మాత్రం ఆ ఐదు నిమిషాల్లో బోలెడు విషయముంది, అందులో మనం నిజం అనుకునేవి కొన్ని తప్పు, పట్టించుకోనివి కొన్ని ప్రాణం మీదికొచ్చేవి.

ముందు కంపు సంగతి తేల్చేద్దాం. వాసన ఎంత ఎక్కువైతే జబ్బు అంత ఎక్కువ అని మన అందరి బుర్రలో ఉంటుంది. కళేబరాన్ని కుళ్ళబెట్టే బ్యాక్టీరియా వేరు, బతికున్నప్పుడు ఆ జంతువుకి జబ్బు తెచ్చిన క్రిమి వేరు. కుళ్ళడం మొదలయ్యాక ఆ వేడికీ, పోటీకీ చాలా జబ్బుల క్రిములు తట్టుకోలేక చచ్చిపోతాయి. రేబిస్ వైరస్సే తీసుకోండి, మే నెల ఎండలో రోడ్డు మీద ఎండిపోయిన కుక్కలో అది ఎక్కువసేపు నిలవదు, అదే చలికాలం తెల్లారుజామున అప్పుడే చచ్చిన కుక్కలో, నోట్లో ఇంకా చొంగ తడి ఆరని కుక్కలో, భేషుగ్గా ఉంటుంది. చూడ్డానికి మాత్రం ఆ రెండోదే నిద్రపోతున్నట్టు శుభ్రంగా ఉంటుంది, చేత్తో పట్టుకుని పక్కకి జరపడానికి మనకి భయం కూడా వెయ్యదు. వరదలు, తుఫాన్ల తర్వాత శవాల వల్ల అంటువ్యాధులు పుడతాయన్న భయం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా ఏళ్ళుగా చెప్తున్నది కూడా ఇదే, మునిగో దెబ్బలు తగిలో చనిపోయిన శరీరాలు ఉన్నట్టుండి కలరా పుట్టించవు. వాళ్ళు చెప్పింది మనుషుల గురించే అయినా పశువులకీ లెక్క ఇంచుమించు అదే. తాగే నీళ్ళలో పడితే మాత్రం వేరే కథ, 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన తర్వాత లెక్కలేనన్ని పశువుల కళేబరాలు చెరువుల్లో కాలవల్లో తేలినప్పుడు అసలు బాధ తాగునీటిది.

కాబట్టి పని మొదలుపెట్టేముందు అడగాల్సిన ప్రశ్న "ఎన్ని రోజులైంది" అని కాదు, "ఎలా చచ్చింది" అని. బండి కిందపడి చచ్చిందా, కరెంటు కొట్టి చచ్చిందా, ఎవడైనా మందు పెట్టాడా, జబ్బుతో పోయిందా, ఒక్కోదానికి ఒక్కో లెక్క.

వీటన్నిటిలో పెద్దది దొమ్మ, అదే ఆంత్రాక్స్. గొర్రెల కాపరులకి దీని గురించి చెప్పక్కర్లేదు. రాత్రి బాగానే ఉన్న గొర్రె, ఆవు పొద్దున్నకి చచ్చి ఉంటుంది, పొట్ట తొందరగా ఉబ్బిపోతుంది, ముక్కులోంచి నోట్లోంచి మలద్వారంలోంచి తారులాంటి నల్లటి రక్తం కారుతుంది, అది గడ్డకట్టదు, శరీరం మామూలుగా బిగుసుకున్నట్టు బిగుసుకోదు. ఇలాంటిది కనిపిస్తే చెయ్యాల్సిన మొదటి పని ఏంటంటే ఏమీ చెయ్యకపోవడం. కొయ్యకూడదు, తోలు వలవకూడదు, పోస్టుమార్టం కూడా చెయ్యకూడదు. కారణం చాలా చిత్రంగా ఉంటుంది. దొమ్మ బ్యాక్టీరియా మూసి ఉన్న కళేబరం లోపల ఉన్నంతసేపు మామూలు బ్యాక్టీరియానే, కుళ్ళు మొదలైతే కొద్దిరోజుల్లో అదే చచ్చిపోతుంది. కత్తి పెట్టి కోసి గాలి తగలనిచ్చామో అది స్పోర్‌గా మారిపోతుంది, అంటే చుట్టూ గట్టి పెంకు కట్టుకుని పడుకున్నట్టు, ఇక ఎండకీ వానకీ చావదు, మట్టిలో దశాబ్దాల పాటు ఉంటుంది. పదేళ్ళ తర్వాత అక్కడ గడ్డి మేసిన గొర్రెకి మళ్ళీ దొమ్మ. అందుకే పశువుల డాక్టర్లు అనుమానమొస్తే చెవి దగ్గర నరంలోంచి ఒక్క చుక్క రక్తం గాజు పలక మీద తీసుకుని మైక్రోస్కోప్ కింద చూస్తారు, అంతకుమించి కళేబరాన్ని కదపరు. రక్తం కారే రంధ్రాల్లో మందులో ముంచిన దూది కుక్కుతారు, కుదిరితే అక్కడికక్కడే కాలుస్తారు లేదా లోతుగా పూడ్చేస్తారు, ట్రాక్టర్‌కి కట్టి ఊరంతా ఈడ్చుకుపోవడం మాత్రం అస్సలు చెయ్యకూడదు, ఈడ్చిన దారంతా క్రిములే.

మనుషులకి ఇది ఎక్కువగా చేతుల మీదే వస్తుంది, చిన్న దద్దురులా మొదలై మధ్యలో నల్లగా బొగ్గులాంటి పుండు పడుతుంది, నొప్పి ఉండదు, అదే మోసం, నొప్పి లేదు కదా అని ఎవరూ ఆస్పత్రికి పోరు. విశాఖ మన్యంలో చచ్చిన పశువు మాంసం కోసి పంచుకున్నవాళ్ళకి ఇలాంటి పుండ్లు వచ్చిన కేసులు ఎన్నోసార్లు బయటపడ్డాయి. తొందరగా వెళ్తే మామూలు యాంటీబయాటిక్స్‌తోనే తగ్గిపోయే జబ్బు ఇది.

రెండోది విషం, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వీధి కుక్కలకి మందు పెట్టి చంపడం మన దగ్గర ఎంత మామూలైపోయిందో తెలిసిందే కదా, చట్టం ఒప్పుకోకపోయినా. అందులో పొలాల గుళికల మందులు కావచ్చు, గోడౌన్లలో బియ్యం బస్తాల మధ్య పెట్టే సెల్ఫాస్ బిళ్ళలు కావచ్చు. సెల్ఫాస్ అంటే అల్యూమినియం ఫాస్ఫైడ్, కడుపులోని తడికి, ఆమ్లానికి అది ఫాస్ఫీన్ అనే విషవాయువుగా మారుతుంది. కుక్క చచ్చాక కూడా ఆ గ్యాస్ వస్తూనే ఉంటుంది. అది కక్కిన కక్కుడులోంచి, ఎత్తేటప్పుడు పొట్ట నొక్కుకుపోతే నోట్లోంచి. వెల్లుల్లి వాసనో, కుళ్ళిన చేప వాసనో వస్తుందంటారు, వాసన తెలిసేలోపు తల తిరగడం మొదలవ్వచ్చు. ఒకే వీధిలో నాలుగైదు కుక్కలు ఒకేసారి పడి ఉన్నాయంటే ముందు విషమే అనుకోవాలి. గాలి మన వెనకనుంచి వీచేలా నిలబడాలి, పొట్ట మీద ఒత్తిడి పడకుండా ఎత్తాలి, వెనక ఓపెన్‌గా ఉన్న బండిలోనే తీసుకెళ్ళాలి, డ్రైవర్ పక్కన క్యాబిన్‌లో పెట్టుకోవడం గురించి ఆలోచనే వద్దు. అక్కడ మిగిలిన అన్నం ముద్ద, మాంసం ముక్క కూడా ఏరి తీసుకెళ్ళాలి, లేకపోతే సాయంత్రానికి ఇంకో కుక్కో కాకో తింటుంది.

ఇదే దారిలో ఇంకోటి, బావి. పాత బావిలో మేకో కుక్కో పడి చచ్చింది, వాసనొస్తోంది, తీయించండి అని పిలుస్తారు. ఒకడు తాడు పట్టుకుని దిగుతాడు, పలకడు, వాణ్ణి కాపాడ్డానికి రెండోవాడు దిగుతాడు, వాడూ పలకడు. ఇలాంటి వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. కుళ్ళిన దాన్నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువగా ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది, ఎక్కువైతే ముక్కుకి వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది, అంటే "కంపు తగ్గింది, ఇక దిగొచ్చు" అనుకున్న క్షణమే అసలు ప్రమాదం. దీపం దింపి చూసే పాత పద్ధతి ఆక్సిజన్ సంగతి చెప్తుంది కానీ ఈ గ్యాస్ సంగతి చెప్పదు, పైగా లోపల మీథేన్ ఉంటే అంటుకుంటుంది. కొక్కెం, వల, తాడు, క్రేన్, ఏదైనా సరే పైనుంచే తియ్యాలి. మనిషి దిగకూడదు, అంతే.

వానాకాలంలో కరెంటు స్తంభం పక్కన, ట్రాన్స్‌ఫార్మర్ కంచె పక్కన గేదె చచ్చిపడి ఉంటే దాని మీద చెయ్యి వెయ్యకముందు 1912కి ఫోన్ చేసి లైన్ తీయించాలి. తెగిన తీగ నీళ్ళలో కనబడకపోవచ్చు. ఇంతకన్నా దీని గురించి చెప్పడానికేం లేదు.

చచ్చిన పాము కూడా కరుస్తుంది, ఇది పుకారు కాదు. చంపేసిన పాము తల తాకినప్పుడు కాటు పడి విషమెక్కిన కేసుల్ని అస్సాంలో డాక్టర్లు నమోదు చేశారు. తల తెగినా కొంతసేపు నరాల్లో ఆ కదలిక ఉంటుంది, కోరల్లో విషం ఉండనే ఉంటుంది. కాబట్టి పాముని ఎప్పుడూ పొడుగు కర్రతోనో పట్టకారుతోనో ఎత్తాలి, ఫొటో కోసం మెడలో వేసుకునే హీరోలకి దణ్ణం.

ఇంకో రకం ప్రమాదం ఏంటంటే, జంతువు చచ్చినా దాని మీద బతికేవి చావవు. ఒళ్ళు చల్లబడగానే గోమార్లు, పేలు, పిడుదులు వేరే వేడి ఒంటికోసం బయల్దేరతాయి, అప్పుడు దగ్గర్లో ఉన్న వేడి ఒళ్ళు ఎవరిది, ఎత్తడానికొచ్చిన మనిషిది. ప్లేగు ఇలాగే పాకింది, ఇంట్లో ఎలుకలు రాలడం మొదలైతే ఊరు ఖాళీ చేసి పొలాల్లో పాకలేసుకున్న రోజులు మన తాతల తరానికి తెలుసు. 1994లో సూరత్‌లో ప్లేగు అనగానే జనం రైళ్ళెక్కి పారిపోయారు. పక్కన కర్ణాటకలో 1957లో శివమొగ్గ వైపు క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపోతుంటే బయటపడ్డ జ్వరం కూడా పిడుదుల వల్లే, ఇప్పటికీ అక్కడ చచ్చిన కోతి కనిపిస్తే చుట్టూ పురుగుల మందు చల్లుతారు. అందుకని ఎలుకలు, కోతులు, బాగా పిడుదులు పట్టిన కుక్కల విషయంలో ముందు పురుగుల మందు, ఓ పది నిమిషాలు ఆగి తర్వాత చెయ్యి. తొందరపడి ముందు ఎత్తేస్తే అవి చేతుల మీదుగా చొక్కాలోకి పోతాయి.

కాకులు, బాతులు, కొంగలు గుంపులుగా చచ్చిపడితే అది మున్సిపాలిటీ పని కాదు, పశుసంవర్ధక శాఖ పని, ఎందుకంటే బర్డ్ ఫ్లూ కావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో అది ఎంత నష్టం చేసిందో చూశాం, ఆ మార్చిలోనే నరసరావుపేటకి చెందిన రెండేళ్ళ పాప హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్‌తో చనిపోయింది, పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని తేలింది. అనుమానం వస్తే శాంపిల్ భోపాల్‌లోని జంతు వ్యాధుల జాతీయ ల్యాబ్‌కి పోతుంది, తేలితే చుట్టూ కిలోమీటరు వరకు ఇన్ఫెక్టెడ్ జోన్, పది కిలోమీటర్ల వరకు నిఘా. ఇలాంటి చోట పొడి ఈకలు, రెట్టలు చీపురుతో ఊడవడం తప్పు, ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లోకి పోయేది, ముందు తడిపి తర్వాత ఎత్తాలి, మూతికి గుడ్డ కాదు ఎన్95 మాస్క్ ఉండాలి.

సరే, ఇవేవీ కాదు, మామూలుగా బండి గుద్దిన కుక్క, దాన్ని సరిగ్గా ఎత్తడం ఎలాగో చూద్దాం. ముందు అది నిజంగా చచ్చిందా అన్నది చూసుకోవాలి, పొడుగు కర్రతో తట్టి, ఛాతీ కదులుతోందేమో గమనించి, ఎందుకంటే స్పృహ లేకుండా పడున్న కుక్క ముట్టుకోగానే కరిచిందంటే మొత్తం కథ మారిపోతుంది. తర్వాత బండిని అడ్డంగా పెట్టి ట్రాఫిక్ ఆపుకోవాలి, రోడ్డు మీద వంగి పనిచేసేవాడికి క్రిమి కన్నా లారీ డేంజర్. మోచేతి దాకా ఉండే రబ్బరు గ్లౌజులు, లోపల ఇంకో పల్చటి జత, గమ్‌బూట్లు, కళ్ళకి అద్దాలు. నూలు గ్లౌజులు ఉన్నా లేనట్టే, తడి పీల్చుకుని చేతికే అంటిస్తాయి. పొడిగా దుమ్ముగా ఉంటే మందు నీళ్ళతో కొంచెం తడపాలి. పక్కన టార్పాలిన్ పట్టా పరిచి పారతో దాని మీదికి జరపాలి, ఇద్దరు చెరో వైపు అంచులు పట్టుకుని ఎత్తాలి, గుండెకి ఆనించుకుని ఎత్తుకోవడం, కాళ్ళు పట్టి విసరడం రెండూ తప్పే, విసిరితే నోట్లోంచి వచ్చేది ఎగిరి ముఖం మీద పడుతుంది. పిల్లి, ఎలుక, పక్షి లాంటివైతే ఇంకా సులువు, మందమైన కవర్‌ని తిరగేసి చేతికి తొడుక్కుని దాంతోనే పట్టుకుని కవర్ మళ్ళీ మామూలుగా తిప్పేస్తే అది లోపలికి పోతుంది, మూతి మెలిపెట్టి మడిచి కట్టెయ్యాలి, దాని మీద ఇంకో కవర్.

ఆవు, గేదె అయితే మనుషుల వల్ల కాదు, మూడు నాలుగు వందల కిలోలు ఉంటాయి, నడుములు విరిగేది ఇక్కడే. జేసీబీయో, వెనక కిందికి దిగే పలక ఉన్న బండో కావాలి. ఎండాకాలంలో ఒక్క రోజుకే పొట్టలో గ్యాస్ నిండి డప్పులా ఉబ్బుతుంది, జేసీబీ పన్ను తగిలితే పగిలి పదడుగుల దూరం చిమ్ముతుంది. గ్యాస్ తీసెయ్యాలంటే దొమ్మ కాదని పశువుల డాక్టర్ చెప్పాకే పొడవాలి, సొంత తెలివి పనికిరాదు. మన ఎండల్లో ఒళ్ళంతా కప్పే పీపీఈ సూట్ వేసుకుని విజయవాడలో మే మధ్యాహ్నం ఈ పని చెయ్యమనడం కూడా అన్యాయమే, మాస్క్ కింద ఊపిరాడక దాన్ని లాగి పారేస్తారు, అప్పుడు ఉన్న రక్షణ కూడా పోతుంది. తెల్లారుజామునో సాయంత్రమో చేయించాలి, మధ్యలో నీళ్ళు, విరామం ఇవ్వాలి.

ఎత్తేసిన తర్వాత బ్లీచింగ్. పొడి తెల్లగా చల్లడం మన కళ్ళ తృప్తికి ఎక్కువ పనికొస్తుంది. రక్తం, మురికి ఉన్న చోట క్లోరిన్ శక్తి ఆ మురికి మీదే ఖర్చైపోతుంది, కాబట్టి ముందు సబ్బు నీళ్ళతో కడగాలి, తర్వాత లీటరు నీళ్ళకి 15 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపితే దాదాపు అర శాతం క్లోరిన్ ద్రావణం వస్తుంది, అది పోసి పది నిమిషాలు వదిలెయ్యాలి. మూతి తెరిచి నెలల తరబడి గోడౌన్‌లో పడున్న బస్తాలో క్లోరిన్ ఏమీ మిగలదు. ఇంకోటి, బ్లీచింగ్‌ని బాత్రూంలు కడిగే యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, కలపొద్దు. గ్లౌజులు తియ్యడానికీ వరసుంది, బయటి జతని లోపలివైపు బయటికొచ్చేలా తిరగేస్తూ తీసి, తర్వాత అద్దాలు, మాస్క్, చివర్లో లోపలి జత, ఆ వెంటనే సబ్బుతో చేతులు. ఈ వరస తప్పి మాస్క్ ముందు పీకేస్తే పడ్డ శ్రమంతా వృథా. నోట్లో గుట్కా, బీడీ కూడా అప్పటిదాకా ఆగాలి.

పూడ్చేటప్పుడు గొయ్యి ఆరడుగులన్నా ఉండాలి, కళేబరం మీద మూడడుగుల మట్టి రావాలి, బావులకి బోర్లకి చెరువులకి దూరంగా, పైన కుప్పలా ఎత్తు పొయ్యాలి, మట్టి దిగిపోతుంది కాబట్టి. కుక్కలు తవ్వకుండా ముళ్ళకంప. సున్నం పోస్తే కళేబరం కరిగిపోతుందని చాలామంది అనుకుంటారు, నిజానికి సున్నం కుళ్ళడాన్ని నెమ్మది చేస్తుంది, వాసన, ఈగలు తగ్గిస్తుంది. దొమ్మ విషయంలోనైతే సున్నంలోని కాల్షియం స్పోర్లు నిలవడానికే సాయపడుతుందేమో అన్న అనుమానంతో దాన్ని వాడొద్దనే నిపుణులున్నారు. సిటీల్లో గొయ్యి తవ్వే జాగా కూడా లేదు, హైదరాబాద్ ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల కోసం దహనవాటిక పెట్టారు, వీధిలో చచ్చేవాటి లెక్కకి అలాంటివి ఇంకా చాలా కావాలి.

పాతకాలంలో ఈ పని సగం రాబందులు చేసేవి, గంటల్లో గేదెని ఎముకలు చేసేవి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు కళేబరాల్లో మిగిలి, వాటిని తిన్న రాబందుల కిడ్నీలు దెబ్బతిని 95 శాతానికి పైగా పోయాయి, 2006లో ఆ మందుని పశువులకి నిషేధించేసరికి ఆలస్యమైపోయింది. ఇప్పుడు ఊరి బయట పారేసిన కళేబరాల మీద బతికేది కుక్కలే, ఆ కుక్కలతో రేబిస్.

మిగతా సగం పని మనుషుల మీద రుద్దాం. గొడ్డు చస్తే మాదిగవాడకి కబురు పంపడం, వాళ్ళు వచ్చి వెట్టికి మోసుకుపోవడం, ఆ తోలునే లందల్లో నానబెట్టి ఊరికి చెప్పులు, మోట బొక్కెనలు చేసిస్తే తొడుక్కుని వాళ్ళనే అంటరానివాళ్ళనడం. 2016 జులైలో గుజరాత్ ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకుల్ని కట్టేసి కొట్టాక, అక్కడి దళితులు ఇక మేం ఎత్తం అని కళేబరాల్ని తెచ్చి కలెక్టరాఫీసు ముందు పడేశారు. ఇప్పుడు పేరు మారి అవుట్‌సోర్సింగ్ కార్మికుడయ్యాడు, ఈ పని చేసేవాళ్ళు చాలావరకు ఆ ఇళ్ళవాళ్ళే. కాబట్టి గ్లౌజులు వేసుకోరండీ వాళ్ళకి అలవాటే అనే మాట నాకు ఒళ్ళు మండుతుంది. మోచేతి దాకా వచ్చే జత ఇచ్చి, చిరిగితే ఇంకోటి అడిగినా తిట్టకుండా ఇచ్చి, అప్పుడు మాట్లాడాలి.

వీళ్ళకి అందరికన్నా ముందు కావాల్సింది రేబిస్ ముందస్తు టీకా. సున్నా రోజు, ఏడో రోజు, 21 లేదా 28వ రోజు, మూడు డోసులు. ఇవి వేసుకున్నవాళ్ళని తర్వాత కుక్క కరిచినా రెండు బూస్టర్లు చాలు, ఖరీదైన ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే గాయం దగ్గర ఇచ్చే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్, అక్కర్లేదు. దాంతో పాటు ధనుర్వాతం టీకా. చొంగ చేతి మీది గాయానికో కంటికో తగిలితే పావుగంట నీళ్ళతో కడుక్కుని, గాయమైతే సబ్బు కూడా పెట్టి, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. మామూలు చర్మం మీద పడితే కడుక్కుంటే చాలు.

ఇక ఫోన్ చేసే మనకి. ఎక్కడుందో చెప్పడంతో పాటు ఒకటే ఉందా చాలా ఉన్నాయా, రక్తం కారుతోందా, పక్కన తీగలున్నాయా, నిన్న ఎవర్నైనా కరిచిందా, ఇవి చెప్పాలి. కరిచిన కుక్క పది రోజుల్లో చచ్చిందంటే దాన్ని చెత్తబండిలో పంపొద్దు, తల పగలగొట్టొద్దు, పశువుల డాక్టర్‌కి చెబితే మెదడు శాంపిల్ తీసి ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కి పంపుతారు, తల నుజ్జయితే పరీక్ష కుదరదు. ఆవు, గేదె అయితే చెవికి పసుపు ట్యాగ్ మీద 12 అంకెల నంబర్ ఉంటుంది, అది కనిపించేలా దూరం నుంచి జూమ్ చేసి ఒక ఫొటో తీసి పెట్టుకోండి, పశువు ఎవరిదో తెలుస్తుంది, ఇన్సూరెన్స్ ఉంటే ఆ ట్యాగ్ లేకుండా ఆ రైతుకి పైసా రాదు. పశువుల అంబులెన్స్ నంబర్ 1962.